తితిక్షయా, దేహాభిమానమా? – ఒక పరుగుసాధకుని వృత్తాంతం

వేదాంత గ్రంథాలను శ్రద్ధతో పఠించేవారిలో కూడ ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. "దేహం నేను కాదు" అన్న మాటను "దేహాన్ని పట్టించుకోనక్కరలేదు" అన్న అర్థంలో గ్రహించడమే ఆ పొరపాటు. వినడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. వాటి నడుమ ఉన్నది మాత్రం హస్తిమశకాంతరం. మొదటిది వివేకఫలం, రెండవది చాలాసార్లు అభిమానం ధరించిన వేషం. గాజువాకలో నివసించే ఒక గృహస్థునికి ఈ భేదాన్ని తెలియజెప్పినది ఏ ప్రవచనమూ కాదు, ఆయన ఎడమకాలి మడమ. ఆ అజ్ఞానానికి మూల్యం ఆయన ఒక్కరే చెల్లించి ఉంటే ఈ వృత్తాంతం చెప్పుకోదగినంతటిది అయ్యేది కాదు.

ఆయన వయస్సు 54 సంవత్సరాలు. ఉద్యోగం విశాఖ ఉక్కు కర్మాగారంలో, బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో. 1966 నాటి ఉద్యమంలో ప్రాణాలర్పించినవారి త్యాగఫలంగా వచ్చి, 1971 జనవరి 20న శంకుస్థాపన జరుపుకొన్న కర్మాగారమది. అక్కడి మూడు ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అగ్నిగర్భాలకు నదీమతల్లుల పేర్లు, అన్నప్రదాయిని పేరు పెట్టుకొన్న నేల కనుక, అక్కడ పనిచేసేవారిలో చాలామందికి పనిపట్ల ఒక ఆరాధనాభావం సహజంగానే ఉంటుంది. ఆయనకు కూడ ఉన్నది. దానికి తోడు నిత్యం గీతాపారాయణం, శనివారం సింహాచల దర్శనం, ప్రతి ఆషాఢంలో గిరిప్రదక్షిణం.

నలభై అయిదవ ఏట మధుమేహం పొడసూపినప్పుడు ఆయన పరుగు ఆరంభించారు. గాజువాక కూడలిలో తెల్లవారకముందే లారీల రద్దీ మొదలవుతుంది కనుక, పరుగుకు అనువైనవి ఉక్కునగరంలోని వృక్షచ్ఛాయలుగల వీథులే. అక్కడ క్రమంగా ఇరవై మందితో ఒక మిత్రబృందం ఏర్పడింది. ఆటోనగర్ లేతు కార్మికుడు, డాక్‌యార్డులో పనిచేసి విరమించిన నావికుడు, రాత్రి డ్యూటీ ముగించుకొని వచ్చే నర్సు, సంస్కృతం బోధించి విశ్రాంతి పొందిన ఒక మాస్టారు, ఉద్యోగాన్వేషణలో ఉన్న యువకులు. వారందరూ ఉదయం అయిదుగంటలకు కలుస్తారు. ఆదివారాలలో సాగరతీరపు రోడ్డుకు వెళ్తారు. నావికాదళం నిర్వహించే మారథాన్‌లో ఎవరి శక్తికి తగిన దూరం వారు పరుగెత్తుతారు. అందరిలో నియమనిష్ఠలు గలవాడని పేరుపొందినవారు ఆయనే. యువకులు ఆయనను "బాబాయ్" అని పిలుస్తారు. ఆయన మాటకు అక్కడ గురువాక్యానికి ఉన్నంత విలువ ఉండేది.

ఒక కార్తికమాసంలో యారాడ కొండ ఘాట్ రోడ్డుమీద ఎక్కుడు పరుగు అభ్యసిస్తున్న రోజులలో మడమవెనుక నొప్పి మొదలైనది. పిక్కకండరాన్ని మడమ ఎముకతో కలిపే అకిలెస్ స్నాయువు అది. శరీరంలోని స్నాయువులన్నింటిలోను దృఢమైనదే అయినా, దానికి రక్తప్రసరణ తక్కువ. అందుచేత గాయపడితే త్వరగా మానదు. పైగా ఆ నొప్పికి ఒక మాయాస్వభావం ఉన్నది. నిద్రలేచి నేలమీద పెట్టిన మొదటి అడుగులలో సూదులతో గుచ్చినట్లుంటుంది. పరుగు మొదలుపెట్టి ఒంట్లో వేడి పుట్టగానే సద్దుమణుగుతుంది. "పోయింది" అనుకొంటాడు మనిషి. మరునాటి ఉదయం అది రెట్టింపై తిరిగి వస్తుంది.

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఇల్లాలు "ఏమండీ, కాలు ఈడుస్తున్నారేమిటి?" అని అడిగితే మాట మార్చారు. నొప్పిని సహించడం తితిక్ష అని తనకు తాను చెప్పుకొన్నారు. సుఖదుఃఖాలు వచ్చిపోయేవే కదా అనుకొంటూ ఆ శీతకాలంలో మారథాన్ రోజున 21 కిలోమీటర్లు పరుగెత్తి ముగించారు. బృందంలోని వారు చప్పట్లు కొట్టారు.

ఆ బృందంలో పెదగంట్యాడకు చెందిన ఒక యువకుడు ఉన్నాడు. కానిస్టేబులు నియామకానికి వ్రాతపరీక్ష గట్టెక్కి దేహదారుఢ్య పరీక్షకు సిద్ధమవుతున్నవాడు. 1600 మీటర్ల పరుగును ఎనిమిది నిమిషాలలో ముగించాలి. ఇంటికి అతడే ఆశ. పుష్యమాసంలో అతనికి మోకాలి దిగువన, కాలి ముందరి ఎముకమీద ఒకచోట నొప్పి పుట్టింది. బాబాయిని అడిగాడు. ఆయన భుజంమీద చేయి వేసి చెప్పిన మాట ఇది: "నొప్పి దేహానిది నాయనా, నీది కాదు. దాన్ని చూస్తూ ముందుకు పో."

యువకుడు ఆ మాటను మంత్రంలా పట్టుకొన్నాడు. పదిరోజుల తరువాత మైదానంలో పరుగెత్తుతూ కూలబడ్డాడు. ఎముకలో సన్నని చీలిక ఏర్పడిందని, రెండునెలలు పరుగు తగదని వైద్యులు చెప్పారు. పరీక్షకు అప్పటికి మిగిలినవి మూడు వారాలు.

పరామర్శకు వెళ్లిన ఆయనతో ఆ యువకుడు నిష్ఠూరంగా ఏమీ అనలేదు. కట్టుకట్టిన కాలిని చూస్తూ, "మీరు చెప్పినట్టే చేశాను బాబాయ్" అన్నాడు. ఆ వినయమే ఆయనకు భరింపరానిదైనది. తానూ అదే దోషంలో ఉన్నానని చెప్పడానికి నోరు రాక, తలవంచుకొని తిరిగి వచ్చారు.

ఆ తరువాత ఆయన మైదానానికి పోలేదు. మాఘం గడిచింది, ఫాల్గుణం గడిచింది. డ్యూటీ, ఇల్లు, మంచం. పరుగే కాదు, నడక కూడ మానివేశారు. రక్తంలో చక్కెర పెరిగింది. నొప్పి తగ్గినట్లే ఉండి, మెట్లు ఎక్కినప్పుడల్లా తిరిగి పలకరించేది. "అన్నీ వదిలేశాను, ఇదే వైరాగ్యం" అని మనస్సు ఒక కొత్త పేరు వెదికి తెచ్చింది.

శ్రీరామనవమినాటి సాయంకాలం పానకం చెంబుతో మాస్టారు ఇంటికి వచ్చారు. రెండునెలల మౌనం ఆయన ఎదుట కరిగింది. గృహస్థుడు జరిగినదంతా చెప్పి, "తితిక్ష అనుకొని చేసినది ఇలా ఎందుకు పరిణమించింది, మాస్టారూ?" అని అడిగారు.

మాస్టారు కొంతసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ రోజులలో నీ మనస్సు నిశ్చింతగా ఉండేదా, బాబూ?"

సమాధానం స్పష్టమే. నిశ్చింత ఎక్కడిది? ప్రతి ఉదయం మొదటి అడుగు వేయడానికి భయం. ప్రతి కిలోమీటరుకు గడియారం వంక చూపు. ఎవరైనా కుంటును గమనిస్తారేమోనని శంక. శంకరభగవత్పాదుల సంప్రదాయంలో తితిక్షకు చెప్పిన లక్షణంలో సహనం ఒక్కటే లేదు. చింత, విలాపం లేకపోవడం కూడ అందులో భాగమే. పైకి విలపించకపోయినా, లోపల చింత దహిస్తూ ఉంటే అది తితిక్ష కానేరదు. శమాది షట్కసంపత్తిలో తితిక్షకు స్థానం ఇచ్చినది ఆత్మవిచారానికి మనస్సును నిలుపుకోవడానికి. పదిమందిలో పేరు నిలుపుకోవడానికి ఉపయోగించిన సహనానికి ఆ పేరు చెల్లదు.

అప్పుడు మాస్టారు గీతలోని పదునెనిమిదవ అధ్యాయాన్ని గుర్తు చేశారు. తామసకర్మకు భగవానుడు చెప్పిన లక్షణాలు ఏవి? పర్యవసానాన్ని, కలుగబోయే నష్టాన్ని, పరులకు కలిగే హింసను, తన సామర్థ్యాన్ని తలపోయక మోహంతో ఆరంభించడం. గాయంతో పరుగెత్తిన పరుగులో ఈ నాలుగు లోపాలలో ఏది లేదు? పర్యవసానం చూడలేదు. స్నాయువు చెడుతున్నదని లెక్క చేయలేదు. తన మాటవల్ల మరొకరికి హింస కలుగుతుందని ఊహించలేదు. తన శక్తి ఎంతో కొలుచుకోలేదు. పదునేడవ అధ్యాయంలో, దంభంతో శరీరాన్ని కృశింపజేస్తూ అంతర్యామిని సైతం బాధించే తపస్సును ఆసురమని నిందించినది కూడ ఇటువంటి దానినే.

"మరి ఇప్పుడు మానివేశాను కదా?" అన్నారాయన.

"కష్టమనీ, దేహానికి నొప్పి కలుగుతుందనీ భయపడి మానివేస్తే దానికి రాజసత్యాగమని పేరు. అటువంటి త్యాగానికి త్యాగఫలం దక్కదని కూడ అక్కడే ఉన్నది. మొన్నటి పరుగు, నేటి మంచం, రెండూ ఒకే చెట్టు కొమ్మలు. వేరు ఏమిటో చూసుకో" అని మాస్టారు సెలవు తీసుకొన్నారు.

వేరు ఏమిటో తెలియడానికి ఆయనకు ఒక పదం తోడ్పడింది. తెలుగువాడు "ఉపాధి" అంటే బ్రతుకుతెరువు అనుకొంటాడు. వేదాంతంలో ఉపాధి అంటే, తన ధర్మాన్ని సమీపంలోని వస్తువుమీద ఆరోపింపజేసేది. మందారం ప్రక్కన ఉంచిన స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు స్ఫటికానిది కాదు, పువ్వుది. "పరుగువాడు" అన్నది ఆయనకు అటువంటి ఉపాధి. పదేళ్లుగా ఆ ఎరుపును తన రంగుగానే భావించారు. పువ్వు వాడిపోతుంటే స్ఫటికం వాడుతున్నదని భయపడ్డారు. దేహం నేను కాదని పలుకుతూనే, పరుగెత్తే దేహమే నేనని జీవించారు. ఆ భ్రమ ఖరీదు మరొకరి ఉపాధి అయింది. అక్కడ ఆ పదానికి లౌకికార్థమే వర్తించింది.

ఆ రాత్రి పనిలో ఉండగా ఆయనకు ఫర్నేసే జవాబు చెప్పినట్లయింది. ఒకసారి వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేసును ఏళ్ల తరబడి ఆర్పరు. లోపల ఏదైనా తేడా వస్తే, పూర్తి వేగంతో నడిపి గోడలు పాడుచేసుకోరు. అలాగని గాలిని పూర్తిగా ఆపి చల్లారనివ్వరు కూడ. లోహం లోపలే గడ్డకట్టితే తిరిగి నడిపించడం మహాప్రయాస. గాలి తగ్గించి, వేడిని నిలుపుతూ, మరమ్మతు చూస్తారు. ముప్పై ఏళ్లుగా చేతులతో చేస్తున్న పనిలోని యుక్తిని ఆయన తన కాలికి ఒక్కనాడూ వర్తింపజేయలేదు.

మరునాడే వైద్యుని దర్శించారు. ఆయన పంపిన ఫిజియోథెరపిస్టు చెప్పిన చికిత్స ఆశ్చర్యకరమైనది: విశ్రాంతి కాదు, కొలత గల శ్రమ. మెట్టు అంచున మునివేళ్లమీద నిలిచి, రెండు మడమలు ఎత్తి, బరువును గాయపడిన కాలిమీదకు మార్చి, ఆ మడమను మెట్టుకంటె దిగువకు మెల్లగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి పదిహేనుసార్లు చొప్పున మూడు ఆవృత్తులు, మోకాలు కొద్దిగా వంచి మరి మూడు. ఉదయం, సాయంకాలం కలిపి రోజుకు 180. పన్నెండు వారాలు.

ఈ పద్ధతి పుట్టుకలో కూడ ఒక నీతి ఉన్నది. స్వీడన్ దేశంలో హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే శస్త్రవైద్యుడు స్వయంగా పరుగెత్తేవాడు, ఇదే నొప్పితో బాధపడ్డాడు. శస్త్రచికిత్స చేయమంటే పై అధికారి నిరాకరించాడు. స్నాయువు మరింత చెడితేనైనా చేస్తారు కదా అని, దానిని చెడగొట్టే ఉద్దేశంతో ప్రతిదినం బరువుతో మడమ దించడం మొదలుపెట్టాడు. చెడుటకు బదులు అది బాగుపడింది. 1998లో పదిహేనుమంది రోగులమీద ఈ విధానపు ఫలితాలను ఆయన బృందం ప్రకటించింది. అధికమైన అదే శ్రమ స్నాయువును నశింపజేస్తుంది; క్రమబద్ధమైనప్పుడు అదే శ్రమ దానిని పునర్నిర్మిస్తుంది.

మన ఆయుర్వేదాచార్యులకు ఈ మర్మం అపరిచితం కాదు. బలిష్ఠులైనవారు సైతం శీతకాలంలో, వసంతంలో తమ శక్తిలో సగంమేరకే వ్యాయామం చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో నిర్దేశించాడు. అతివ్యాయామం మొదలైన సాహసాలకు పూనుకొనేవాడిని ఏనుగును ఈడ్వబోయి నశించే సింహంతో పోల్చాడు. సింహానికి బలం లేక కాదు, కొలత లేక ఆ దుర్గతి. గీత ఆరవ అధ్యాయం ఆహారవిహారాలలో, కర్మలలో, నిద్రలో యుక్తత కలవానికే యోగం దుఃఖాన్ని పోగొడుతుందని చెప్పడంలోని హృదయం కూడ ఇదే.

ఆ పన్నెండు వారాలు ఆయనకు నిజమైన తితిక్షాభ్యాసమైనవి. ఈ చికిత్సలో కూడ నొప్పి ఉన్నది. కాని దానిని పరీక్షించే విధి వేరు. చేస్తున్నప్పుడు ఓర్చుకోగలిగినంత ఉండవచ్చు. మరునాటి ఉదయం అది పెరిగి ఉంటే భారం తగ్గించాలి, పెరగకపోతే కొనసాగించాలి. అంటే నొప్పిని జయించడం కాదు, దాచడమూ కాదు, సాక్షిగా వినడం. "చూస్తూ ముందుకు పో" అని యువకునికి చెప్పినప్పుడు ఆయన నిజంగా చూడలేదు, చూపు మరల్చుకొన్నారు. ఇప్పుడు చూడటం నేర్చుకొన్నారు. ఒక్కొక్క దింపుకు ఒక నృసింహనామం. జపమాలకు 108 అయితే మడమకు 180 అని ఇల్లాలితో నవ్వుతూ అనేవారు. పరుగుకు బదులు ఉక్కునగరం వీథులలో సైకిలు తొక్కడం కూడ ఆరంభించారు.

నాలుగవ వారంలో అక్షయతృతీయ వచ్చింది. సింహాచలంలో వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరంలో ఆ ఒక్కనాడే చందనపు పూత తొలగి నిజరూపంతో దర్శనమిస్తాడు. తరువాత చందనాన్ని ఒక్కసారిగా పూర్తిగా అలదరు. ఆనాడు మూడు మణుగులు, వైశాఖపూర్ణిమకు మూడు, జ్యేష్ఠపూర్ణిమకు మూడు, ఆషాఢపూర్ణిమకు మూడు. ఉగ్రమూర్తి శాంతించేది కూడ విడతలు విడతలుగానే. క్యూలో కుడికాలిమీద బరువు మోపి నిలబడిన ఆయనకు, తన రూపంమీద ఉన్న పూతలన్నీ ఆనాడు స్పష్టంగా కనిపించాయి.

దర్శనమైన మరునాడు ఆయన పెదగంట్యాడ వెళ్లారు. ఎముక అతికి, ఆ యువకుడు అప్పుడప్పుడే నడుస్తున్నాడు. "నీకు చెప్పిన మాట తప్పు. నా కాలు కూడ కార్తికం నుంచి బాగాలేదు. అందరి దగ్గరా దాచాను" అని ఆయన ఒప్పుకొన్నారు.

యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అది అప్పుడే చెప్పి ఉంటే నేనూ చెప్పేవాణ్ణి బాబాయ్" అన్నాడు.

ఆ ఒక్క వాక్యానికి సమాధానం లేదు. శ్రేష్ఠుడని లోకం భావించినవాడు ఏది ఆచరిస్తే తక్కినవారు దానినే అనుసరిస్తారని మూడవ అధ్యాయం హెచ్చరించినది ఇందుకే. ఆచరణ అంటే చేసిన పని మాత్రమే కాదు. దాచిన పని కూడ. పోయిన అవకాశాన్ని ఆయన తిరిగి ఇవ్వలేరు. తరువాతి ప్రకటన ఎప్పుడు వస్తుందో ఇద్దరికీ తెలియదు.

ఆ వారంలోనే ఆయన మైదానానికి తిరిగి వెళ్లారు, పరుగెత్తడానికి కాదు. స్టాప్‌వాచీ పట్టుకొని గట్టుమీద నిలబడ్డారు. నీళ్లసీసాలు అందించారు. మొదటి రోజున అందరినీ కూర్చోబెట్టి తన మడమ సంగతి మొదటినుంచి చెప్పారు. అది ముగిసేసరికి నర్సు తన మోకాలి సంగతి చెప్పింది. లేతు కార్మికుడు నడుము సంగతి చెప్పాడు. అప్పటివరకు ఎవరూ నోరు విప్పకపోవడానికి కారణం ఆయన మౌనమే. ఆనాటినుండి పరుగుకు ముందు ఎవరికి ఎక్కడ నొప్పి ఉన్నదో చెప్పుకోవడం ఆ బృందంలో నియమమైనది. పరుగెత్తలేనివారు నడుస్తారు, నడవలేనివారు సమయం చూస్తారు, ఇంట్లో మాత్రం ఎవరూ కూర్చోరు. లోకసంగ్రహం అన్న గంభీరమైన మాటకు గాజువాకలో దొరికిన చిన్న ఉదాహరణ ఇది.

పన్నెండు వారాలు ముగిసిన పదిరోజులకు ఆషాఢ శుద్ధ చతుర్దశి వచ్చింది. గిరిప్రదక్షిణపు మార్గం 32 కిలోమీటర్లు. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్‌లో సముద్రస్నానం చేసి, వెంకోజీపాలెం, సీతమ్మధార, కంచరపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి మళ్లీ కొండ పాదానికి. లక్షలాది జనం పాదరక్షలు లేకుండా రాత్రంతా నడుస్తారు. ప్రతి ఏడూ పూర్తి ప్రదక్షిణం చేస్తానని ఆయనకు మొక్కు ఉన్నది. మడమ చాలావరకు నయమైనది. మనస్సు, "చేసేయగలవు" అన్నది. ఆ స్వరాన్ని ఆయన ఈసారి గుర్తుపట్టారు.

ఆ రాత్రి ఎన్‌ఏడీ కూడలిలో బృందం ఏర్పాటుచేసిన పందిరిలో ఆయన, ఆ యువకుడు కలిసి భక్తులకు మజ్జిగ పోశారు. తెల్లవారుజామున జనం పలుచబడ్డాక ఇద్దరూ అక్కడినుండి మిగిలిన దూరం మాత్రం మెల్లగా నడిచారు. గోపాలపట్నం దాటాక ఆయన ఒకచోట ఆగి, "మడమ పట్టేసింది, కాసేపు కూర్చుందాం" అన్నారు. పదేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. యువకుడు వెంటనే అరుగుమీద కూర్చొని, "నాకూ ఎముక సలుపుతోంది బాబాయ్, మీరు అంటారేమోనని చూస్తున్నాను" అన్నాడు.

కొండమీద స్వామి ఎదుట ఆయన ప్రదక్షిణం చేశానని చెప్పుకోలేదు. ఈ ఏటి మొక్కు బాకీ ఉన్నదని మాత్రం విన్నవించుకొన్నారు. అప్పటికి అర్చకులు నాలుగవ విడత చందనాన్ని సిద్ధం చేస్తున్నారు.

సాధకులు తమ దేహంలో ఏదైనా గాయం కలిగినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు. నేను సహిస్తున్నానా, దాస్తున్నానా? నేను విరమిస్తున్నానా, పారిపోతున్నానా? వీటికి నిజాయితీగా జవాబు దొరికిన చోట దేహం సాధనంగానే మిగులుతుంది. దొరకని చోట అదే గురువై, కొంత కఠినంగా, పాఠం చెబుతుంది.

సర్వం శ్రీ సింహాద్రినాథ చరణారవిందార్పణమస్తు.